సున్నం కొట్టిన గోడలు, చెవులు నిండిన మాటలు

ఇంగ్లండ్‌లోని స్ట్రాట్‌ఫర్డ్ ఊరి పాత లెక్కల పుస్తకంలో 1564 మొదట్లో రాసిన ఒక చిన్న ఖర్చు ఉంది. ఊరి ప్రార్థనామందిరంలో బొమ్మలు చెరిపించినందుకు 2 షిల్లింగులు. చచ్చినవాళ్ళు సమాధుల్లోంచి లేవడం, పుణ్యాత్ములు స్వర్గానికీ పాపులు నరకానికీ పోవడం లాంటి దృశ్యాలు ఆ గోడల మీద ఉండేవి. చదువు రాని జనానికి అవే పురాణ కాలక్షేపం. వాటి మీద సున్నం కొట్టించారు. అప్పుడు ఊరి లెక్కలు చూస్తున్న మనిషి పేరు జాన్ షేక్‌స్పియర్. తోలు చేతితొడుగులు కుట్టి అమ్ముకునే వ్యాపారి. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆయనకు విలియం అనే కొడుకు పుట్టాడు.

తండ్రి లెక్కల పుస్తకంలోని ఆ ఒక్క పద్దు పక్కన కొడుకు రాసిన నాటకాలు పెట్టి చూస్తే, ఇంగ్లండ్ పునరుజ్జీవనం నడిచిన దారి కనిపిస్తుంది. పునరుజ్జీవనం, అంటే పాత గ్రీకు, రోమన్ విద్యలూ కళలూ యూరప్‌లో మళ్ళీ చిగురించిన కాలం, అనగానే ముందుగా గుర్తొచ్చేది ఇటలీ. ఫ్లోరెన్స్ శిల్పాలు, రోమ్‌లో చర్చి పైకప్పుల మీది చిత్రాలు. ఆ కొలతతో ఇంగ్లండ్‌ని కొలిస్తే నిరాశే మిగులుతుంది. 16వ శతాబ్దంలో మైకెలాంజెలో పక్కన నిలబెట్టదగ్గ చిత్రకారుడు గానీ శిల్పి గానీ ఆ గడ్డ మీద పుట్టలేదు. కానీ అదే కాలంలో అక్కడ నాటకం, కవిత్వం, అనువాదం, గాత్ర సంగీతం యూరప్‌లో ఇంకే దేశానికీ తీసిపోని స్థాయికి ఎదిగాయి. అన్నీ చెవితో అందుకునే కళలే. కంటికి విందు చేసే దారి మూసుకుపోవడంతో ప్రతిభ, డబ్బు, జనంలో ఉన్న ఆకలి చాలావరకు మాట వైపు మళ్ళాయి. దీనికి వేరే కారణాలూ ఉన్నాయి. అయితే ఈ మలుపు అర్థం కాకపోతే మిగతావి కూడా సరిగ్గా అర్థం కావు.

మలుపు మొదలైంది ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో. 1534లో ఆయన రోమ్‌లోని పోప్‌తో తెగతెంపులు చేసుకుని ఇంగ్లండ్ చర్చికి తానే అధిపతినని చట్టం చేయించుకున్నాడు. 1536 నుంచి 1540 లోపు దేశంలోని మఠాలన్నీ మూతపడ్డాయి. సుమారు 800 ఉంటాయి. వాటి భూములు ఖజానాకి చేరి, అక్కడి నుంచి అమ్మకాల ద్వారా ఆస్థానంలో పలుకుబడి ఉన్నవాళ్ళ చేతికి పోయాయి. ఇటలీలో చిత్రకారుడికి, శిల్పికి పని ఇచ్చేదెవరు? ముఖ్యంగా చర్చి. ఇంగ్లండ్‌లో ఆ పోషకుడు ఒక్క దశాబ్దంలో లేకుండా పోయాడు. ఆ తర్వాత చర్చిల్లో బొమ్మలే ఉండకూడదన్నారు. రంగు అద్దాలు పగిలాయి, విగ్రహాల తలలు విరిగాయి, గోడలకు సున్నం పడింది.

పుస్తకాలకూ అదే గతి పట్టింది. మఠాల గ్రంథాలయాల్లోని చేతిరాత ప్రతుల కాగితాలతో కొవ్వొత్తి స్తంభాలు తోముకున్నారనీ, బూట్లు తుడుచుకున్నారనీ, పొట్లాలు కట్టుకోవడానికి సరుకుల కొట్లవాళ్ళకి అమ్మేశారనీ జాన్ బేల్ అనే పండితుడు 1549లో బాధపడుతూ రాశాడు. ఆయన మఠాలకు గట్టి వ్యతిరేకి. ఆయనకే కడుపు తరుక్కుపోయిందంటే నష్టం ఎంతటిదో ఊహించుకోవచ్చు. పునరుజ్జీవనాన్ని వేడుకగా మాత్రమే చెప్పుకునేవాళ్ళు ఈ అధ్యాయాన్ని దాటేస్తుంటారు. దాటేయకూడదు. ఒక సంస్కృతిని కూలగొట్టిన రాళ్ళతోనే ఇంకో సంస్కృతి లేచింది. ఈ మాట అక్షరాలా నిజం, మఠాల రాళ్ళతో జమీందార్లు భవనాలు కట్టుకున్నారు.

బొమ్మ పోయిన చోటికి ఏం వచ్చింది? ఇంగ్లీషు మాట వచ్చింది. విలియం టిండేల్ బైబిల్‌లోని కొత్త నిబంధనని గ్రీకు నుంచి నేరుగా ఇంగ్లీషులోకి తెచ్చి 1526లో జర్మనీలో అచ్చు వేయించాడు. ప్రతులు దొంగచాటుగా ఇంగ్లండ్ చేరాయి. 1536లో ఆయన్ని మతద్రోహి అని చంపేశారు. అయినా రెండేళ్ళు తిరక్కముందే ప్రతి చర్చిలో ఒక పెద్ద ఇంగ్లీషు బైబిల్ ఉంచాలని ప్రభుత్వమే ఆజ్ఞ ఇచ్చింది. 1549 నుంచి ప్రార్థనలు కూడా ఇంగ్లీషులోకి మారాయి. ఫలితం ఏమిటంటే, దున్నుకునే రైతు దగ్గర నుంచి దొర దాకా ప్రతివాడూ వారం వారం ఒకే రకమైన, చెక్కినట్టున్న వచనం వింటూ పెరిగాడు. ఒకటి రెండు తరాలు అలా గడిచేసరికి దేశం మొత్తానికి మంచి వాక్యం చెవికి అలవాటైంది. తర్వాత వచ్చిన నాటకకర్తలకు శ్రోతలు ఎక్కడి నుంచి దొరికారని అడిగితే, సగం జవాబు ఇక్కడుంది. 1611లో వచ్చిన రాజు జేమ్స్ బైబిల్‌ని దాదాపు 50 మంది పండితులు తయారుచేశారు. అందులో చాలా భాగం వాక్యాలు టిండేల్‌వే.

మిగతా సగం జవాబు బడిలో ఉంది. ఊరూరా ఉన్న గ్రామర్ స్కూళ్ళలో చెప్పింది లాటిన్ వ్యాకరణం. ఏడెనిమిదేళ్ళ పిల్లలు పొద్దున్నే బల్లల మీద కూర్చుని సాయంత్రం దాకా లాటిన్ వల్లె వేయాలి. పైకి ఇది ఇంగ్లీషుకి ఏ మేలూ చేయని చదువులా కనిపిస్తుంది. కానీ అక్కడ చేయించిన అభ్యాసాలు చూడాలి. లాటిన్ పేరాని ఇంగ్లీషులోకి మార్చడం, పుస్తకం మూసేసి ఆ ఇంగ్లీషుని మళ్ళీ లాటిన్‌లోకి తేవడం, మూలంతో పోల్చి తప్పులు దిద్దుకోవడం. ఒకే ప్రశ్నకి అటువైపు, ఇటువైపు కూడా వాదించడం. పురాణంలో ఒక పాత్రనో, చరిత్రలో ఒక రాణినో తీసుకుని ఆమె గొంతుతో ఉత్తరం రాయడం. ఈ చివరి రెండు అభ్యాసాలూ కలిస్తే వచ్చేది నాటకమే. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, ఇద్దరి మాటా న్యాయంగానే వినిపించేలా వాదించుకోవడం షేక్‌స్పియర్ నాటకాల్లో అడుగడుగునా కనిపిస్తుంది. అది గాల్లోంచి ఊడిపడ్డ ప్రతిభ కాదు, బడిలో పడ్డ పునాది.

అయినా ఇంగ్లీషు అప్పటికి ఇంట్లో మాట్లాడుకునే భాషే, పండితులకు చులకన. థామస్ మోర్ ఒక ఊహాదేశం గురించి చెప్పే తన యుటోపియాని 1516లో లాటిన్‌లోనే రాశాడు, అచ్చు కూడా ఇంగ్లండ్‌లో వేయించలేదు. ఇంగ్లీషులో రాయాలనుకున్నవాళ్ళకి మొదటి చిక్కు మాటల కొరత. లాటిన్, గ్రీకు, ఫ్రెంచ్ నుంచి మాటలు వేలకొద్దీ దించుకున్నారు. దాంతో గొడవ మొదలైంది. ఇవి సిరాబుడ్డి మాటలు, జనానికి అర్థం కావు అని ఒక వర్గం. భాషని కల్తీ లేకుండా ఉంచాలని కేంబ్రిడ్జి పండితుడు జాన్ చీక్ పట్టుబట్టాడు. సువార్తను అనువదిస్తూ, వంద మంది సైనికుల అధికారిని సెంచూరియన్ అనకుండా హండ్రెడర్ అన్నాడు. తెలుగువాళ్ళకి ఈ తగువు కొత్తగా అనిపించదు. అచ్చ తెలుగు కావాలనేవాళ్ళూ, వాడుకలో ఉన్న ఏ మాటైనా మనదేననేవాళ్ళూ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఇంగ్లండ్‌లో ఆ వాదనని ఏ పండిత సభా తేల్చలేదు. రాసేవాళ్ళు రెండు రకాల మాటలూ వాడారు, జనం నోటికి పట్టినవి నిలిచాయి, పట్టనివి పోయాయి. లాటిన్ నుంచి వచ్చిన బరువైన మాట పక్కన ఇంటి మాటని పెట్టి పలికించే వీలు దొరకడం ఇంగ్లీషు కవులకు పెద్ద వరం.

ఛందస్సు కూడా ఇటలీ నుంచి అప్పు తెచ్చుకుని సొంతం చేసుకున్నదే. ఇటలీ కవి పెట్రార్క్ పద్ధతిలో 14 పాదాల సానెట్‌ని థామస్ వాయట్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఇటాలియన్‌లో మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కాబట్టి అంత్యప్రాసలు కొల్లలు. మొదటి ఎనిమిది పాదాలూ రెండే ప్రాసలతో నడపడం వాళ్ళకి తేలిక. ఇంగ్లీషులో అలా కుదరదు, ప్రాస దొరకదు. సర్రే ప్రభువు దాన్ని నాలుగు పాదాల చొప్పున మూడు ముక్కలు చేసి, చివర రెండు పాదాల జంట పెట్టాడు. ప్రాసల ఇబ్బంది తీరడంతోపాటు, పద్యం చివర ఒక్క దెబ్బకి విషయం తేల్చేసే అవకాశం కూడా వచ్చింది. తర్వాత షేక్‌స్పియర్ సానెట్లన్నీ దాదాపుగా ఈ అచ్చులోనే పోశాడు.

సర్రే చేసిన రెండో పని ఇంకా పెద్దది. లాటిన్ కవి వర్జిల్ కావ్యాన్ని అనువదిస్తూ అంత్యప్రాసని పూర్తిగా వదిలేశాడు. పాదానికి పది అక్షరాలు. తేలిక అక్షరం, వెంటనే ఊనిక ఉన్న అక్షరం, అలా ఐదు జతలు. మన లెక్కలో దగ్గరగా చెప్పాలంటే లఘువు, గురువు, అంటే ఐదు వగణాలు. తేడా ఒక్కటే. మనది అక్షరం పలికే కాలం లెక్క, వాళ్ళది గొంతు నొక్కి పలకడం లెక్క. ఈ నడక మామూలు ఇంగ్లీషు సంభాషణకి చాలా దగ్గర. దీన్ని రంగస్థలం మీద నిజంగా గర్జించేలా చేసింది క్రిస్టఫర్ మార్లో, 1587 ప్రాంతంలో, తాంబర్లేన్ నాటకంతో. మార్లో తండ్రి చెప్పులు కుట్టేవాడు. ఇంకో నాటకకర్త బెన్ జాన్సన్ సవతి తండ్రి ఇటుక పనివాడు. షేక్‌స్పియర్ తండ్రి చేతితొడుగుల వ్యాపారి. ఈ కాలాన్ని ఎలిజబెత్ రాణి పేరుతో, ప్రభువుల పేర్లతో చెప్పుకోవడం అలవాటైపోయింది గానీ, దానికి ప్రాణం పోసినవాళ్ళలో చేతివృత్తుల వాళ్ళ పిల్లలు ఎంతమందో గమనించాలి.

నాటకశాలల సంగతి కొంచెం నిదానంగా చూడాలి. పాత రోజుల్లో నాటకం అంటే పండగకి వృత్తి సంఘాలవాళ్ళు వీధుల్లో ఆడే బైబిల్ కథలు. కొత్త ప్రొటెస్టెంట్ మతానికి అవి నచ్చలేదు. కావెంట్రీలో చివరిసారి 1579లో ఆడారు. సరిగ్గా ఆ సమయానికే, 1576లో, జేమ్స్ బర్బేజ్ అనే నటుడు లండన్ ఊరి హద్దు బయట షోర్‌డిచ్‌లో శాశ్వతమైన నాటకశాల కట్టాడు. పేరు కూడా థియేటర్ అనే పెట్టాడు. ఊరి బయట ఎందుకంటే, జనం గుమిగూడితే ప్లేగు వస్తుందని, పనివాళ్ళు పని ఎగ్గొడతారని నగర పెద్దలకి నాటకాలంటే పడదు. మరోవైపు 1572 నాటి చట్టం ప్రకారం ఏ ప్రభువు అండా లేని నటుడు దేశదిమ్మరి కింద లెక్క, కొరడా దెబ్బలు తప్పవు. అందుకే ప్రతి బృందం ఒక ప్రభువు పేరు పెట్టుకుంది. అండ ప్రభువుది, తిండి మాత్రం టికెట్ డబ్బులది. క్రిస్మస్‌కి రాణిగారి ముందు ఆడాలి కాబట్టి ఊళ్ళో ఆడేది రిహార్సల్ అనే సాకు చాలా కాలం వాళ్ళని కాపాడింది.

టికెట్ ఒక పెన్నీ. ఆ డబ్బుకి ఎండలో, వానలో వేదిక చుట్టూ నిలబడి చూడొచ్చు. ఇంకో పెన్నీ ఇస్తే గ్యాలరీలో కూర్చోవచ్చు. పెద్ద శాలల్లో 3,000 మంది దాకా పట్టేవారని అంచనా. అంత జనం మళ్ళీ మళ్ళీ రావాలంటే రోజుకో నాటకం మార్చాలి. అడ్మిరల్ ప్రభువు బృందం 1594-95లో ఒక్క ఏడాదిలో 38 నాటకాలు ఆడింది, అందులో 21 కొత్తవి. ఈ ఆకలే రచయితల్ని తయారుచేసింది. వాళ్ళకి దక్కింది తక్కువే. నాటకానికి సుమారు 6 పౌండ్లు. అదే ఎడ్వర్డ్ అలెయిన్ అనే పేరున్న నటుడు వెండి, బంగారు జరీ ఉన్న ఒక నల్ల వెల్వెట్ అంగీకి పెట్టిన ఖర్చు 20 పౌండ్ల పైమాటే. ఒక అంగీ ధరకి మూడు నాటకాలు రాయించుకోవచ్చు. తెర లేదు, సీనరీ దాదాపు లేదు, కళ్ళు జిగేల్‌మనిపించేవి బట్టలే. చెరిగిపోయిన చర్చి రంగులన్నీ ఆ బట్టల్లోకి వచ్చి చేరాయేమో అనిపిస్తుంది.

మిగతాదంతా మాట మీదే నడవాలి. హామ్లెట్ మొదటి సన్నివేశం ఇందుకు మంచి ఉదాహరణ. ఆట మొదలయ్యేది మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో, పైకప్పు లేని శాలలో, పట్టపగలు. కథలో మాత్రం అర్ధరాత్రి, కోట బురుజు, గడ్డకట్టే చలి. దీపాలు ఆర్పడం కుదరదు. కాపలావాడు వచ్చి "ఎవరక్కడ?" అంటాడు. నిజానికి ఆ ప్రశ్న అప్పటికే అక్కడ కాపలా ఉన్నవాడు అడగాలి. వచ్చేవాడు అడుగుతున్నాడంటే ఇద్దరికీ ఎదుటివాడు కనిపించడం లేదన్నమాట. ఆ రెండు మాటలతో చీకటి పడింది. ఇంకాసేపటికి పన్నెండు కొట్టిందంటాడు ఒకడు, చలి కొరికేస్తోందంటాడు ఇంకొకడు. ఎండలో నిలబడ్డ జనానికి వణుకు పుట్టించడానికి అంతే సరిపోయింది. ఆ రోజుల్లో నాటకం చూడటం అని ఎంత అనేవారో, నాటకం వినడం అనీ అంతే అనేవారు.

నటులు కూడా వినే బతికారు. నాటకం మొత్తం ప్రతి అందరికీ రాయించి ఇచ్చే స్తోమత లేదు. ఎవరి మాటలు వాళ్ళకే పొడవాటి కాగితపు చుట్టలో రాసి ఇచ్చేవారు. మధ్యలో ఎదుటి పాత్ర చెప్పే చివరి రెండు మూడు మాటలు మాత్రం ఉంటాయి. అవి చెవిన పడగానే తన వంతు అందుకోవాలి. ఎదుటివాడు ఏం చెప్పబోతున్నాడో, ఎంతసేపు చెప్తాడో చాలాసార్లు తెలియదు. అలెయిన్ వాడిన అలాంటి చుట్ట ఒకటి ఆయన స్థాపించిన డలిచ్ కాలేజీలో ఇప్పటికీ ఉంది.

ఇక బర్బేజ్ కుటుంబం కట్టిన థియేటర్ శాల ఏమైందంటే, స్థలం లీజు 1597లో అయిపోయింది. స్థల యజమాని పొడిగించలేదు. 1598 డిసెంబరు చివర్లో, పండగ రోజుల్లో యజమాని ఊళ్ళో లేని సమయం చూసుకుని, బర్బేజ్ కొడుకులు వడ్రంగి పీటర్ స్ట్రీట్‌ని, కొంతమంది మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి శాలని దూలం దూలంగా విప్పేశారు. స్థలం నీదే, కలప మాది అన్నది వాళ్ళ వాదన. యజమాని కోర్టుకి వెళ్ళాడు. ఈలోగా ఆ కలప థేమ్స్ నది దాటింది. 1599లో దానితోనే గ్లోబ్ లేచింది. ఖర్చు భరించడానికి బర్బేజ్ సోదరులు సగం వాటా ఉంచుకుని, మిగతా సగం ఐదుగురు నటులకి ఇచ్చారు. ఆ ఐదుగురిలో షేక్‌స్పియర్ ఒకడు. ఆయనకి డబ్బు చేరింది ముఖ్యంగా ఇలాంటి వాటాల నుంచి, రాతకిచ్చే 6 పౌండ్ల నుంచి కాదు. రచయిత తన శాలలో తానే భాగస్తుడైతే ఏ నటుడి గొంతుకి ఏ మాట నప్పుతుందో తెలిసి రాస్తాడు. ఆయన పాత్రలు ఇంత బలంగా ఉండటానికి ఈ ఏర్పాటు కూడా ఒక కారణం.

ఆ పేరుతో ఇంకో గ్లోబ్ కూడా ఉంది, అది ఓడ. 1600 చివర్లో పట్టా పుచ్చుకున్న ఈస్టిండియా కంపెనీ పంపిన ఆ ఓడ 1611లో మచిలీపట్నం రేవుకి చేరింది. పేరు కలవడం కాకతాళీయమే. కానీ ఆ ఏడాదే లండన్‌లో కొత్త బైబిల్ అచ్చయింది, నవంబరులో రాజు ముందు టెంపెస్ట్ నాటకం ఆడారు. ఓడ మునక, తెలియని దీవి, అక్కడి మనిషిని బానిసని చేసుకోవడం ఆ నాటకంలో కథ. రంగస్థలమూ రేవూ ఒకే లండన్ నగరానివి, ఒకే తరానివి.

సంగీతంలోనూ చెవిదే రాజ్యం. థామస్ టాలిస్ నలుగురు పాలకుల కింద, మతం మారినప్పుడల్లా లాటిన్‌కీ ఇంగ్లీషుకీ మారుతూ పాటలు కట్టాడు. ఆయన స్పెమ్ ఇన్ ఆలియం 40 వేర్వేరు గొంతుల కోసం రాసిన రచన. ఎనిమిది బృందాలు, ఒక్కోదానిలో ఐదుగురు. ఒక మూల మొదలైన స్వరం అలలాగా గది చుట్టూ తిరిగి, చివరికి 40 గొంతులూ ఒక్కసారి విరుచుకుపడతాయి. సున్నం కొట్టిన గోడలకి ఇంతకంటే గొప్ప రంగు ఎవరూ వేయలేరు. ఆయన శిష్యుడు విలియం బర్డ్ పాత కాథలిక్ మతాన్ని వదలనివాడు. రాణి ఆస్థాన గాయకుడిగా ఉంటూనే, రహస్యంగా ఇళ్ళలో ప్రార్థన చేసుకునేవాళ్ళ కోసం 1590ల్లో మూడు లాటిన్ రచనలు అచ్చు వేయించాడు, వాటికి ముఖపత్రం లేకుండా. ఇళ్ళలో పాడుకోవడమూ బాగా పెరిగింది. 1597లో థామస్ మోర్లీ రాసిన సంగీత పాఠాల పుస్తకం ఒక చిన్న కథతో మొదలవుతుంది. విందు అయ్యాక ఇంటావిడ పాటల పుస్తకం చేతికిస్తే ఒకాయన నాకు రాదన్నాడు. ఈయన్ని ఎక్కడ పెంచారో అని అతిథులు గుసగుసలాడుకున్నారు. పాపం మర్నాడే గురువుని వెతుక్కుంటూ బయల్దేరాడు.

అలాగని కంటి కళ పూర్తిగా చావలేదు, చిన్నదైపోయింది అంతే. హెన్రీ ఆస్థానంలో గొప్ప చిత్రాలు వేసిన హోల్‌బైన్ జర్మన్. ఇంగ్లండ్‌లో పుట్టినవాళ్ళలో పేరు తెచ్చుకున్న నికొలస్ హిల్యార్డ్ కంసాలి పని నేర్చినవాడు. అరచేతిలో ఇమిడే బొమ్మలు వేసేవాడు. పలుచటి తోలుని పేకముక్క మీద అంటించి, దాని మీద సన్నటి కుంచెతో రాణి ముఖం, జరీ, ముత్యాలు. నీడ పడకుండా తోటలో ఆరుబయట కూర్చుని రాణి తన బొమ్మ వేయించుకుందని ఆయనే రాశాడు. దేవుడి బొమ్మకి చోటు పోయింది, మెడలో లాకెట్‌గా వేసుకునే మనిషి ముఖానికి చోటు మిగిలింది.

ఇది స్వర్ణయుగం అన్న మాట విన్నప్పుడల్లా 1590ల నాటి ధాన్యం ధరలు గుర్తుచేసుకోవాలి. 1594 నుంచి వరసగా పంటలు పోయాయి, కూలి డబ్బుకి రొట్టె గగనమైంది. రంగస్థలం మీద ఆడవాళ్ళ పాత్రలు మగపిల్లలే వేశారు. ఆడవాళ్ళకి ఆ వేదిక మీద చోటు లేదు. రాణిని దేవకన్యగా కీర్తించిన కవి స్పెన్సర్ ఐర్లండ్‌లో ఆక్రమించిన భూమి మీది కోటలో బతికాడు, 1598 తిరుగుబాటులో ఆ కోట తగలబడింది. నాటకశాలల కథ కూడా సుఖంగా ముగియలేదు. 1642లో, అంతర్యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, పార్లమెంటు వాటిని మూయించింది.

మాట గాలిలో కలిసిపోకుండా ఆపింది అచ్చు. 1616లో షేక్‌స్పియర్ చనిపోయేనాటికి ఆయన నాటకాల్లో సుమారు సగం అచ్చు కాలేదు. తోటి నటులు హెమింజ్, కాండెల్ ఏడేళ్ళ తర్వాత, 1623లో, 36 నాటకాలు కలిపి పెద్ద సంపుటం తెచ్చారు. మాక్‌బెత్, జూలియస్ సీజర్, టెంపెస్ట్ సహా 18 నాటకాలు అందులోనే మొదటిసారి అచ్చయ్యాయి. అది రాకపోతే అవి మనదాకా వచ్చేవే కావేమో. పాఠకులకి రాసిన ముందుమాటని ఆ ఇద్దరూ "బాగా చదవగలిగినవాళ్ళ నుంచి కూడబలుక్కుని చదివేవాళ్ళ దాకా" అంటూ మొదలుపెట్టారు. బైండు చేసిన ప్రతి ధర సుమారు ఒక పౌండు, అంటే 240 పెన్నీలు. ఆ డబ్బుతో గ్లోబ్ శాలలో వేదిక ముందు నిలబడి 240 నాటకాలు వినొచ్చు.